పదికి కొన్నవి, తొంభైకి కొన్నవి, నూట అరవైకి కొన్నవి: ఒక కావలి కుటుంబం ఆంధ్రా బ్యాంకు షేర్ల లెక్క

2025 ఆగస్టులో ఒక శనివారం మధ్యాహ్నం మాస్టారి అమ్మాయి నెల్లూరులో మా ఆఫీసుకు వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో మూడు పాస్‌బుక్కులు, రెండు డీమ్యాట్ (షేర్లు కంప్యూటర్ లెక్కగా ఉండే ఖాతా) స్టేట్‌మెంట్లు, 2006 నాటి అలాట్‌మెంట్ కాగితం ఒకటి, మాస్టారి డెత్ సర్టిఫికెట్ జిరాక్సు. టేబుల్ మీద పరిచి కూర్చుంది.

"అన్నా, నాన్న ఇరవై ఏళ్లకు పైగా ఆంధ్రా బ్యాంకు షేర్లు కదిలించకుండా పెట్టుకున్నాడు. అసలు లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా మాకెవరికీ తెలియదు. అన్నయ్య అమ్మేయమంటున్నాడు. పెట్టిన డబ్బులన్నా వచ్చేదాకా ఉంచమంటోంది అమ్మ. ముందు లెక్క తేల్చు" అంది.

ఈ లెక్క నాకు కొత్త కాదు, పరాయిదీ కాదు. ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు, చిన్న కుటుంబాల షేర్ల కాగితాలు చూడడం నా వృత్తి. అంతకుముందు కొన్నేళ్లు సబ్‌బ్రోకర్‌గా పనిచేశాను. 2006లో మాస్టారి ఫారం నింపింది నేను. 2010లో ఆయన కోసం కొనుగోలు ఆర్డరు పెట్టిందీ నేనే. అందుకే ఈ కేసు రాయడానికి ఆ కుటుంబాన్ని అనుమతి అడిగాను. పేర్లు వద్దన్నారు, అంకెలు ఉన్నవున్నట్టు రాయమన్నారు.

మూడు కొనుగోళ్లు

మాస్టారు కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. జీతం పడేది ఆంధ్రా బ్యాంకులో. బంగారం కుదువ పెట్టినా, పిల్లల చదువుకు అప్పు తీసుకున్నా అదే బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో మొదలుపెట్టిన బ్యాంకు అది. 1980లో జాతీయం చేశారు. 2001లో మొదటిసారి ప్రజలకు షేర్లు అమ్మింది. షేరు మీద రాసి ఉండే విలువ, అంటే ముఖ విలువ, 10 రూపాయలు, అమ్మిన ధర కూడా 10 రూపాయలే, ప్రీమియం లేదు. "మన బ్యాంకు" అన్న ఒక్క మాట మీద మాస్టారు భార్య పేరుతో అప్లై చేశారు. 300 షేర్లు వచ్చాయి. 3,000 రూపాయలు.

2006 జనవరిలో బ్యాంకు రెండోసారి ఇష్యూకు వచ్చింది. ఈసారి ధర 90. మాస్టారు రిటైరై, కావలిలో ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు వేదాయపాలెం వచ్చిన ఏడాది అది. ఆయన పేరుతో 150 షేర్లు వచ్చాయి. 13,500 రూపాయలు.

మూడోది 2010 అక్టోబరులో. ఒక ఎఫ్‌డీ తీరింది. అప్పటికి సెన్సెక్స్ 20,000 దాటి ఉంది, ఊళ్లో ప్రతి టీ అంగడి దగ్గరా షేర్ల మాటే. మాస్టారు పేపరు మడత పెట్టుకుని వచ్చారు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఏమయ్యా, అదే బ్యాంకులో డబ్బు వేస్తే 8 శాతం కూడా ఇవ్వడంలేదు. అదే బ్యాంకు షేరు పెట్టుకుంటే 50 శాతం డివిడెండంట. ఇంక ఎఫ్‌డీ దేనికి?"

160 చొప్పున 400 షేర్లు కొన్నాం. 64,000 రూపాయలు.

డివిడెండు అంటే లాభంలోంచి షేర్లున్నవాళ్లకు పంచే డబ్బు. ఆ 50 శాతం ముఖ విలువ మీద. 10 రూపాయల షేరుకు 5 రూపాయలు. 160 పెట్టి కొన్నవాడికి ఆ 5 రూపాయలు 3 శాతం చిల్లర. మూడు పదులు ముప్పై అని పిల్లలకు నేర్పిన మనిషి, జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, ఆ శాతం దేని మీద అని అడగలేదు. అడగకపోయినా చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆ రోజు నేను చెప్పింది వేరే లెక్క. అంతకుముందు ఏడాది బ్యాంకు లాభం 1,046 కోట్లు, షేర్లు 48.5 కోట్లు, షేరుకు 21 రూపాయల పైన సంపాదన, 160 అంటే ఆ సంపాదనకు ఏడున్నర రెట్లే, చవకే అన్నాను. లెక్క తప్పు కాదు. కానీ బ్యాంకు లాభం ఎలాంటిదో అప్పటికి నాకు తెలియదు. అప్పు ఇచ్చిన ఏడాది వడ్డీ లాభంలోకి వస్తుంది, ఆ అప్పు తిరిగి రాలేదని అయిదారేళ్ల తర్వాత తెలుస్తుంది. బ్యాంకు సంపాదన చూసి చవక అనుకోవడం, మొదటి నెల వడ్డీ సరిగ్గా వచ్చిందని అప్పు తీసుకున్నవాడిని మంచివాడు అనుకోవడంలాంటిది.

విలీనం తర్వాత ఏమైంది

2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థిక మంత్రి బ్యాంకుల విలీనాలు ప్రకటించారు. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ యూనియన్ బ్యాంకులో కలిసిపోయాయి. ఆంధ్రా బ్యాంకు షేర్లు 1,000 ఉంటే యూనియన్ బ్యాంకు షేర్లు 325 ఇచ్చారు. అమ్మగారి 300కు 97, మాస్టారి 550కు 178 వచ్చాయి. మిగిలిన తునకలకు కాస్త డబ్బు. బ్యాంకు పేరు పోయిందని మాస్టారు బాధపడ్డారు గానీ, షేర్ల సంఖ్య మూడో వంతుకు దిగిందని ఆయనకు బాధ కలగలేదు. ధర ఎక్కువున్న షేరుతో మారకం జరిగితే సంఖ్య తగ్గడం మామూలే. అసలు నష్టం అప్పటికే జరిగిపోయింది.

అమ్మాయి ముందు కూర్చుని నేను మొదట చేసిన పని, పాత కొనుగోలు ధరలన్నిటినీ యూనియన్ బ్యాంకు షేరు ధరలోకి మార్చడం. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, అందుకే వాళ్లకు లాభనష్టాలు తేలవు. 10 రూపాయలను 0.325తో భాగిస్తే 30 రూపాయల 77 పైసలు. 90ని భాగిస్తే 277. 160ని భాగిస్తే 492. అంటే మూడో విడత కొన్నవాటికి అసలు రావాలంటే యూనియన్ బ్యాంకు షేరు 492కు చేరాలి. లెక్కకు మేము వేసుకున్న ధర 140.

అమ్మాయి కాగితం మీద 492 చుట్టూ సున్నా చుట్టింది. "అమ్మ పెట్టిన డబ్బులు వచ్చేదాకా అంటోంది ఇదేనా అన్నా?" అంది. అదే.

తర్వాత డివిడెండ్లు. మాస్టారు తన పాస్‌బుక్కులు ఒక్కటీ పారేయలేదు, ఆ అలవాటే మాకు సాయం చేసింది. 2006 ఇష్యూలో వచ్చిన షేర్లకు అప్పటి నుంచి 2016 దాకా పడ్డవన్నీ కూడితే షేరుకు 40 రూపాయలకు అటూ ఇటూగా వచ్చింది. 2011లో, 2012లో షేరుకు 5.50 చొప్పున వచ్చాయి. 2014లో అది 1.10కి పడిపోయింది. 2016లో 50 పైసలు. తర్వాత ఏమీ లేదు. విలీనం అయ్యాక యూనియన్ బ్యాంకు వరుసగా నాలుగు ఆర్థిక సంవత్సరాలకు 1.90, 3.00, 3.60, 4.75 ఇచ్చింది. కలిపి 13.25. పాత ఆంధ్రా బ్యాంకు షేరు లెక్కలోకి మారిస్తే 4 రూపాయల 30 పైసలు.

ఇప్పుడు ఒక్కో పాత షేరు ఏమైందో చూడండి. 140 ధరకు ఒక పాత షేరు విలువ 45 రూపాయల 50 పైసలు.

90 పెట్టిన షేరు: 45.50 విలువ, 40 పాత డివిడెండ్లు, 4.30 కొత్త డివిడెండ్లు. కూడితే దాదాపు 90. నేను రెండుసార్లు కూడి చూశాను. పందొమ్మిదిన్నరేళ్లు పట్టుకున్నందుకు పెట్టింది పెట్టినట్టు తిరిగొచ్చింది, ఒక్క పైసా వడ్డీ లేకుండా.

160 పెట్టిన షేరు: 2011 నుంచి 2016 దాకా డివిడెండ్లు 19.60. దానికి 45.50, 4.30 కలిపితే 69 రూపాయల 40 పైసలు. పెట్టిన 64,000కు తేలింది 27,800 లోపు. నెల్లూరులో ఎవరూ సీఏజీఆర్ (ఏటా సగటున పెరిగిన శాతం) అనరు, "నూటికి ఎంత వడ్డీ పడింది" అంటారు. బయట రూపాయి వడ్డీకి ఇస్తే ఏడాదికి 12 శాతం. అది వదిలేద్దాం, రిస్కు వేరు. బ్యాంకు ఎఫ్‌డీలోనే సగటున 7 శాతానికి తిప్పుకుంటూ వచ్చినా 64,000 పదిహేనేళ్లకు 1,76,000 దాటేది. అమ్మగారు తర్వాత ఈ లెక్క విని ఇంకో మాటన్నారు: "ఆ డబ్బుతో నాలుగు సవర్లు వచ్చుండేవి గదా నాయనా." ఆమె చెప్పింది నిజం. 2010లో సవర (8 గ్రాముల బంగారం) ధర 15,000కు దగ్గర్లో ఉంది. 2025 ఆగస్టుకు 70,000 దాటింది. అదే కాలంలో సెన్సెక్స్ కూడా సుమారు నాలుగు రెట్లయింది. అంటే షేర్లు కొనడం తప్పు కాదు, ఈ షేరును ఆ ధరకు కొనడం తప్పు.

ఇక 10 పెట్టిన షేరు. ఇక్కడే కేసు మలుపు తిరిగింది.

కదలని డీమ్యాట్

అమ్మగారి 300 షేర్లు 97గా మారి, 140 చొప్పున 13,580 విలువ చేస్తున్నాయి. దానికి 2006 నుంచి వచ్చిన డివిడెండ్లు షేరుకు 40 చొప్పున 12,000. యూనియన్ బ్యాంకువి 1,285. 2001 నుంచి 2005 దాకా పడ్డవి వేరే, ఆ పాస్‌బుక్కు దొరకలేదు, వాటిని లెక్కలో వేసుకోలేదు. అవి లేకుండానే 3,000 కాస్తా 26,800 దాటింది. దాదాపు తొమ్మిది రెట్లు. 2011లో ఆమెకు రావాల్సిన డివిడెండు షేరుకు 5.50, అంటే కొన్న ధర మీద 55 శాతం. మాస్టారు పేపర్లో చూసిన శాతం ఈమె విషయంలో అక్షరాలా నిజం.

కానీ ఆ 12,000 ఏ పాస్‌బుక్కులోనూ లేదు.

మాస్టారి పాస్‌బుక్కులో 150 షేర్ల డివిడెండు పడింది, 2010 తర్వాత 550 షేర్లది పడింది. ఇంట్లో అందరూ అది ఇద్దరిదీ కలిపి అనుకున్నారు. అమ్మగారి డీమ్యాట్‌కు జత చేసిన ఖాతా కావలిది. నెల్లూరు వచ్చేటప్పుడు దాన్ని మూసేశారు. డీమ్యాట్‌లో ఖాతా నంబరు, అడ్రసు మార్చాలని ఎవరికీ తోచలేదు. 2006 నుంచి ఆమె డివిడెండ్లన్నీ తిరుగు టపాలో వెళ్లి, ఎవరికీ చేరని డివిడెండ్లు ఉంచే అన్‌పెయిడ్ ఖాతాలో పడ్డాయి. ఏడేళ్లు ఎవరూ అడగకపోతే ఆ డబ్బు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్తుంది. 2006 నాటిది 2013లో వెళ్లిపోయింది. ఆఖరి 50 పైసల డివిడెండు కూడా 2023కల్లా వెళ్లిపోయింది.

ఇంకోటి. 2007 నుంచి డీమ్యాట్ ఖాతాలకు పాన్ తప్పనిసరి. పాన్ ఇవ్వని ఖాతాల నుంచి షేర్లు బయటికి పోకుండా ఆపేశారు. అమ్మగారికి అప్పుడు పాన్ లేదు. అంటే 2007 నుంచి ఆ 300 షేర్లను ఎవరైనా అమ్మాలనుకున్నా అమ్మలేరు. విలీనం షేర్లు లోపలికి వచ్చాయి, బయటికి దారి లేదు.

దీని మీద నేను ఆగి ఆలోచించాను. ఈ ఇంట్లో బాగా పెరిగిన ఒక్క పెట్టుబడి, ఎవరో ఓపిక పట్టినందువల్ల నిలబడలేదు. ఖాతా స్తంభించిపోయి నిలబడింది. 2010 చివర్లో షేరు 170 దాటినప్పుడు అమ్మేసి ఉంటే ఆ 3,000కు 50,000 పైన వచ్చేది. అదీ చేయలేకపోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు యూనియన్ బ్యాంకు షేరు 30 లోపుకు పడింది. అప్పుడు భయపడి అమ్మడమూ జరగలేదు. "లాంగ్ టర్మ్ హోల్డింగ్" అని మేము గొప్పగా చెప్పుకునే చాలా కేసుల్లో లోపల ఉండేది ఇలాంటిదే. మర్చిపోవడం, పాత అడ్రసు, దొరకని కాగితం. మాస్టారి 550 షేర్లు కూడా అంతే. అవి నష్టంలో ఉన్నాయని, నష్టానికి అమ్మితే ఒప్పుకున్నట్టవుతుందని ఆయన తాకలేదు. రెండు ఖాతాలూ పైకి ఒకేలా కనబడతాయి. తేడా అంతా కొన్న రోజున ఇచ్చిన ధరలో ఉంది.

షేరు ఎందుకు లేవలేదు

అమ్మాయి అడిగిన ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇది: "బ్యాంకు మూతపడలేదు గదా అన్నా. బ్రాంచి అక్కడే ఉంది, జనం అంతే ఉన్నారు. మరి షేరెందుకు అలా అయింది?"

సముద్రం పక్క ఊళ్లవాళ్లకు రొయ్యల చెరువు లెక్క చెబితే తొందరగా అర్థమవుతుంది. పది మంది తలా లక్ష వేసి చెరువు గుత్తకు తీసుకున్నారనుకోండి. రెండు పంటలు వైరస్ వచ్చి పోయాయి. మేతకు డబ్బు లేదు. పది మందిలో ఒకడి దగ్గరే డబ్బుంది. వాడు "నేను పెడతాను, కానీ చెరువు ఇప్పుడున్న విలువకే నాకు కొత్త భాగాలు రాయండి" అంటాడు. చెరువు విలువ పడిపోయి ఉంది గనక, వాడు పెట్టిన ప్రతి లక్షకూ బోలెడు భాగాలు వెళ్తాయి. చెరువు బతుకుతుంది. తర్వాత పంట బాగా పండుతుంది కూడా. కానీ మొదట లక్ష పెట్టినవాడి భాగం పదో వంతు నుంచి అరవయ్యో వంతుకు దిగిపోయి ఉంటుంది.

ఆంధ్రా బ్యాంకులో జరిగింది అదే. 2006 ఇష్యూ తర్వాత ఉన్న షేర్లు 48.5 కోట్లు, ప్రభుత్వ వాటా 51 శాతం పైచిలుకు. తర్వాత విద్యుత్తు, రోడ్లు, ఇన్‌ఫ్రా కంపెనీలకు ఇచ్చిన పెద్ద అప్పులు మొండి బాకీలయ్యాయి. 2015లో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల ఆస్తుల నాణ్యతను తవ్వి చూసింది. అప్పటిదాకా కొత్త అప్పుతో పాత అప్పు తీర్చినట్టు చూపించినవి బయటపడ్డాయి. 2018 మార్చికి ఆంధ్రా బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో 17 శాతం మొండి బాకీలే. ఆ ఏడాది నష్టం 3,400 కోట్లకు పైన, తర్వాతి ఏడాది 2,786 కోట్లు. ఆ గుంత పూడ్చడానికి ప్రభుత్వం విడతలవారీగా డబ్బు పోసింది. పోసిన ప్రతిసారీ కొత్త షేర్లు తీసుకుంది, పడిపోయిన ధరకే. విలీనం నాటికి షేర్లు దాదాపు 300 కోట్లు. ప్రభుత్వ వాటా 90 శాతం దాటింది.

ప్రభుత్వం డబ్బు పోయడం తప్పు కాదు. పోయకపోతే మాస్టారి ఎఫ్‌డీ, పెన్షను పడే ఖాతా, కావలి రైతుల డిపాజిట్లు ఏమయ్యేవి? డిపాజిటర్‌ను కాపాడడానికి షేర్‌హోల్డరు వాటాను పలచన చేశారు. బ్యాంకు వ్యాపారంలో వరస అదే, డిపాజిటరు ముందు, షేర్‌హోల్డరు చివర. మాస్టారు ఆ రెండు కుర్చీలూ ఒకటే అనుకున్నారు. "మన డబ్బు దాచుకునే బ్యాంకు గదా, భయమేముంది" అనేవారు. దాచుకునేవాడికి భయం లేదు, నిజమే.

ఆయనకు కనీసం మారకంలో ఏదో దక్కింది. హైదరాబాదు గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 2004లో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసినప్పుడు షేర్‌హోల్డర్లకు ఒక్క షేరూ ఇవ్వలేదు. 2020 నవంబరులో తమిళనాడు లక్ష్మీ విలాస్ బ్యాంకును డీబీఎస్ బ్యాంకులో కలిపినప్పుడూ అంతే, వాటా మొత్తం రద్దు. రెండింటిలోనూ డిపాజిటర్లు క్షేమం. ఇంకోవైపు వైశ్యా బ్యాంకు ఉంది. మా పక్క వ్యాపార కుటుంబాల్లో చాలామందికి ఇప్పటికీ ఆ బ్యాంకు పాత కథలే. అది ఐఎన్‌జీ వైశ్యాగా మారి, 2015లో కోటక్ మహీంద్రా బ్యాంకులో కలిసింది, 1,000కి 725 చొప్పున. వాళ్లకు మారకం వరంగా వచ్చింది. మూడూ దక్షిణాది బ్యాంకులే, మూడింటి మీదా జనానికి "మనది" అన్న అభిమానమే. ఫలితాలు మాత్రం సున్నా, సున్నా, కోటక్ షేరు. అందుకే ఒక ప్రాంతం బ్యాంకు షేరు కొనాలా అని ఎవరైనా నన్ను అడిగితే ఇప్పుడు రెండే చూస్తాను. ధర బుక్ వాల్యూకు (అప్పులు పోను ఒక్కో షేరుకు మిగిలే ఆస్తి విలువకు) ఎన్ని రెట్లు, షేర్ల సంఖ్య పదేళ్లలో ఎంత పెరిగింది. 2010లో ఆంధ్రా బ్యాంకు బుక్ వాల్యూ 90కి దగ్గర్లో ఉంది. 160 అంటే ఒకటిన్నర రెట్లకు పైన. అది నేను చూడలేదు, మాస్టారికి చూపించలేదు.

ఏం చేశాం

అమ్మగారిని చూడడానికి వేదాయపాలెం వెళ్లాను. డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పి, ఆఫీసుకు రాలేరు. ఫ్యామిలీ పెన్షను వస్తోంది. నేను లెక్కంతా చెప్పాను, 2010లో ఆర్డరు పెట్టింది నేనేనని కూడా చెప్పాను. "ఆయన పేపరు చూసి నిర్ణయించుకుని వచ్చాడులే నాయనా, నువ్వు వద్దన్నా ఆగేవాడు కాదు" అన్నారామె. ఆగేవారేమో, కాదేమో. నేను అనలేదన్నది మాత్రం నా దగ్గరే ఉంటుంది.

ఆమె పట్టుదల ఒక్కటే, పెట్టింది రానియ్యి. 492 అంకె చెబితే పెద్దగా పట్టించుకోలేదు. వేరేగా అడిగాను: "అమ్మా, మాస్టారి షేర్లు ఇప్పుడు మీ చేతిలో దాదాపు 25,000 రూపాయల నోట్లుగా ఉన్నాయనుకోండి. వాటితో ఈరోజు ఈ షేర్లే కొంటారా?" కాసేపు ఊరుకున్నారు. "కొనను. నాకు నెలనెలా చేతికొచ్చేది కావాలి" అన్నారు.

యూనియన్ బ్యాంకు చెడ్డదని కాదు. 2024-25లో దాని లాభం 17,987 కోట్లు, మొండి బాకీలు 3.6 శాతానికి దిగాయి. 140 ధర మీద 4.75 డివిడెండు అంటే 3.4 శాతం. ఒక యువకుడికి అది వేరే చర్చ. ఇది ఇప్పుడు ముంబైలో ప్రధాన కార్యాలయం ఉన్న దేశవ్యాప్త బ్యాంకు, మాస్టారు ప్రేమించిన కావలి బ్రాంచి లెక్కతో దీన్ని చూడలేం. డెబ్బై నాలుగేళ్ల ఆమెకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 2025లో 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికి. హైదరాబాదు అబ్బాయికి ఫోన్ చేశాం, అతనూ సరేనన్నాడు.

మాస్టారి డీమ్యాట్‌కు అమ్మగారే నామినీ. అది త్వరగానే అయింది. డెత్ సర్టిఫికెట్, ఫారం, ఆమె పేరున కొత్త ఖాతా. పాత ఖాతాతో మాత్రం టెన్షన్ పడ్డాం. 2001లో డీమ్యాట్ తెరిచినప్పుడు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంతో రాశారు, ఆధార్‌లో అత్తింటిది. నోటరీ అఫిడవిట్, పెళ్లి కాగితం, బ్యాంకు మేనేజరు సంతకం ధ్రువీకరణ, పాన్. ఒక్క అక్షరం కోసం మూడుసార్లు ఫైలు వెనక్కి వచ్చింది. ఇలాంటి పాత ఖాతా ఇంట్లో ఎవరికైనా ఉంటే, మనిషి బతికుండగానే సరిచేయించండి. బతికున్న మనిషి సంతకం ఒకటి పది కాగితాల పెట్టు. పైగా ఇదివరకు ప్రభుత్వ బ్యాంకుల విషయంలో ఆ ఫండ్‌కు డివిడెండు మాత్రమే వెళ్లేది, షేర్లు మిగిలేవి. 2025 బ్యాంకింగ్ చట్టాల సవరణ తర్వాత ఏళ్ల తరబడి అడగని షేర్లు కూడా వెళ్తాయి. అమ్మగారి 97 షేర్లు ఆ గీత దగ్గరదాకా వచ్చి ఆగాయి.

మాస్టారి 178 షేర్లు దసరా తర్వాత అమ్మాం, 140కి దగ్గర్లోనే. వారసత్వంగా వచ్చిన షేరుకు మాస్టారు కొన్న ధరే అమ్మగారి కొనుగోలు ధర. కాబట్టి 50,000 రూపాయలకు పైన దీర్ఘకాలిక నష్టం తేలింది. గడువులోగా రిటర్ను వేస్తే దాన్ని ఎనిమిదేళ్లు ముందుకు తీసుకుపోవచ్చు. దీర్ఘకాలిక లాభంలోనే తగ్గించుకోవాలి. కావలిలో ఆమె పేరున 20 అంకణాల స్థలం ఒకటుంది, ఎప్పుడైనా అమ్మితే పనికొస్తుంది. ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా ఈసారి రిటర్ను వేస్తున్నామని అందుకే చెప్పాను.

97 షేర్లు అమ్మలేదు. అవి ఉంచమని నేను సలహా ఇవ్వలేదు, అమ్మమనీ చెప్పలేదు. "ఇవి ఆయన నా పేరుతో కొన్నవి" అన్నారామె. ఆ మాట మీద ఇక లెక్క చెప్పాల్సిన పని లేదు.

ఆ ఇన్వెస్టర్ ఫండ్ నుంచి డబ్బు తిరిగి అడిగే ఐఈపీఎఫ్-5 ఫారం వేశాం, ఆ 12,000 కోసం. అసలు మాత్రమే వస్తుంది, ఇన్నేళ్ల వడ్డీ రాదు. బ్యాంకు నుంచి ధ్రువీకరణ వెళ్లింది, డబ్బు ఇంకా రాలేదు. యూనియన్ బ్యాంకు దగ్గరే ఆగివున్న నాలుగేళ్ల డివిడెండ్లు మాత్రం కేవైసీ అయ్యాక కార్తీక మాసంలో పడ్డాయి. 184 రూపాయల 30 పైసలు, 291, 349 రూపాయల 20 పైసలు, 460 రూపాయల 75 పైసలు. అమ్మాయి ఫోన్‌లో మెసేజీలు చూపించినా ఆమెకు నమ్మకం కుదరలేదట. ఆటో పిలిపించుకుని బ్రాంచికి వెళ్లి, లైన్లో నిలబడి, పాస్‌బుక్కులో ముద్ర వేయించుకుని వచ్చారు.